రోహిణి కార్తెలో లేసు అల్లిక

అమ్మలకీ, అక్కచెల్లెళ్లకీ, సెలవుల్లో ఏదైనా చేతిపని నేర్చుకుందామని వచ్చిన పిల్లలకీ నమస్కారం.

పొద్దున ఆరున్నరకి మీటింగ్ ఏమిటండీ అని నిన్న ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. తొమ్మిది దాటితే ఈ రేకుల షెడ్డు కింద కూర్చోలేం. పదింటికి మైకు పట్టుకుని ఎండాకాలంలో పని ఎలా చేసుకోవాలో చెబితే, వినేవాళ్లకి కొంగుతో విసురుకోవడమే సరిపోతుంది. నేను చెప్పదలుచుకున్నదాంట్లో సగం ఈ టైములోనే ఉంది.

ఏప్రిల్ రాగానే ఏటా వినే మాట ఒకటుంది. "ఈ ఎండల్లో ఏం అల్లుతామమ్మా, వానలు పడ్డాక చూద్దాం." అలా అని డబ్బాలో పెట్టేసిన అల్లిక చాలా ఇళ్లలో దసరాకి కూడా బయటికి రాదు. ఈలోగా చెయ్యి మర్చిపోతుంది. ఎన్నో వరసలో ఆపామో గుర్తుండదు. సరదాకి చేసుకునేవాళ్లకి పోయేది ఒక టేబుల్ క్లాత్. దీంతోనే ఇల్లు నడుపుకునేవాళ్లకి ఆపడమన్న మాటే లేదు. కరెంటు ఉన్నా పోయినా, తేదీకి పీసు చేతికివ్వాల్సిందే. ఈ రెండు రకాలవాళ్లూ ఇవాళ నా ముందు కూర్చున్నారు. ఎండ ముదిరినప్పుడు పని ఆపక్కర్లేదు, ఏ గంటకి ఏ పనో మార్చుకోవాలి అన్నది ఇద్దరికీ చెబుతాను.

మాది నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని, దారం ఉండ దొర్లిపోకుండా చిన్న స్టీలు గిన్నెలో వేసుకుని అల్లేది. ఆవిడ వేళ్లు చూస్తూనే నేను నేర్చుకున్నాను. నాకు పదహారేళ్లప్పుడు ఒక మే నెలలో పెద్ద టేబుల్ క్లాత్ అతుకుపని నా చేతికొచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. పువ్వులు, బిళ్లలు విడివిడిగా అల్లడం చేతిపని. వాటిని కలిపి ఒక పెద్ద ముక్క చెయ్యడం అతుకుపని. తొందరగా ఇచ్చేస్తే డబ్బులు తొందరగా వస్తాయని మధ్యాహ్నం కూడా లేవకుండా కూర్చున్నాను. వారం తర్వాత విప్పి చూస్తే, నా మణికట్టు ఆనిన అంచు పొడుగునా లేత పసుపు చార. చెమట. సరుకు తీసుకునే ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూసి, మాట్లాడకుండా పక్కన పెట్టాడు. రెండు వారాల కూలి అక్కడే పోయింది.

అమ్మ నన్ను తిట్టలేదు. మర్నాడు పొద్దున నాలుగున్నరకి లేపింది. నాలుగు విషయాలు చెప్పింది. ఇన్నేళ్లు గడిచినా ఆ నాలుగే నేను అందరికీ చెబుతున్నాను.

ఒకటి, ఎండల్లో పెద్ద పీసు ఒళ్లో పెట్టుకోకూడదు. సగం అయిన టేబుల్ క్లాత్ ఒళ్లో ఉందంటే దుప్పటి కప్పుకున్నట్టే. కాళ్లకి గాలి తగలదు, మోకాళ్ల కింద చెమట పడుతుంది, ఆ తడంతా నూలు పీల్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అరచేతిలో పట్టే బిళ్లలే చెయ్యండి. పువ్వుకి పువ్వు, ఆకుకి ఆకు అల్లి మూటగట్టి దాచుకోండి. తొలకరి పడ్డాక అతుకుపనికి కూర్చోండి.

రెండోది బిగువు. చెమట వేళ్లతో దారం జారదు, పట్టుకుంటుంది. మనకి తెలియకుండానే గట్టిగా లాగుతాం. పొద్దున అల్లిన పువ్వుని, మధ్యాహ్నం అల్లిన పువ్వుని పక్కపక్కన పెట్టి చూడండి. అవే వరసలు, అవే గొలుసు కుట్లు. అయినా మధ్యాహ్నం పువ్వు ఓ నూలుపోగంత చిన్నది. ఒక్కదానికైతే ఫరవాలేదు. వంద పువ్వులు అతికేటప్పుడు ఆ తేడా ముక్క మధ్యలో ముడతై లేస్తుంది. ఏ పువ్వు ఏ పూట చేసిందో మా అమ్మ ముట్టుకుని చెప్పేది.

మూడోది సూది, అంటే మనం అల్లే కొన వంకీ తిరిగిన క్రోషా సూది. మన కోస్తాలో గాలికే చెమ్మ ఉంటుంది. స్టీలు సూదిని చెమట చేత్తో అలాగే దారం ఉండలో గుచ్చి వదిలేస్తే తుప్పు పడుతుంది. తుప్పు మరక తెల్ల నూలు మీద పడితే చాలా కష్టం. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, వేరే గుడ్డలో చుట్టి పెట్టండి. కొంతమంది వేళ్లకి పౌడర్ రాసుకుంటారు. కొద్దిగా అయితే సరే. ఎక్కువైతే చెమటతో కలిసి కుట్ల సందుల్లో ముద్ద కడుతుంది. నా మటుకు నేను ఒక పాత నూలు తువ్వాలు పక్కన పెట్టుకుంటాను. వరస పూర్తయిన ప్రతిసారీ చేతులు తుడుచుకుంటాను.

నాలుగోది, చెమట తగిలిన పీసుని ఆ రోజే చల్లటి నీళ్లలో ముంచాలి. పెట్టెలో పడుకుంటే పసుపు తిరుగుతుంది. తెల్లదైతే తడిగా ఉండగానే ఎండలో పరవండి, ఎండే దాన్ని తెల్లబరుస్తుంది. రంగుదారమైతే నీడన ఆరెయ్యాలి.

ఇది మా లేసు సంగతి. ఎండతో ఎలా నడుచుకోవాలో మిగతా చేతిపనులవాళ్లని చూసి కూడా నేర్చుకోవచ్చు. మంగళగిరిలో ఒక నేత ఇంటికి వెళ్లాను, మిట్టమధ్యాహ్నం. ఆ పెద్దాయన మగ్గం గుంటలోంచి కాళ్లు తీసి, "చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నారు. బయట నేల కాలిపోతోంది, గుంటలో మాత్రం కుండ అడుగున ఉన్నంత చల్లదనం. గుంట మగ్గంలో గుంట అంటే కాళ్లు పెట్టుకోడానికి తవ్విన గొయ్యి మాత్రమే అని అంతవరకూ అనుకున్నాను. నూలుకి కాస్త చెమ్మ తగిలితే బలం, ఎండిపోతే పెళుసు. వడగాలికి పడుగు పోగులు, అంటే మగ్గం మీద పొడుగునా సాగదీసిన దారాలు, పుటుక్కుమని తెగుతాయి. గుంటలోంచి వచ్చే చెమ్మ పడుగుకి అడుగు నుంచి అందుతూ ఉంటుంది. అది చాలని రోజుల్లో మగ్గం కింద నేల మీద నీళ్లు చల్లుతారు. వానాకాలం అదే గుంటలోకి నీళ్లూరితే నేత ఆగిపోతుంది. వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టేవాళ్లయితే తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండెక్కే లోపు ముగిస్తారు. గంజి ఒక్కసారిగా ఆరితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఎవరూ పుస్తకంలో రాసిపెట్టిన టైమ్ టేబుల్ కాదది. నూలు చెప్పింది, వాళ్లు విన్నారు.

శ్రీకాళహస్తి కలంకారీవాళ్ల కష్టం ఇంకోలా ఉంటుంది. బట్టని కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి ఎండబెడతారు. పాలల్లో ఉన్న కొవ్వు వల్లే కలం గీసిన గీత పక్కకి పాకదు. పాత ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి నలుపు తీస్తారు, ఎండలకి అదీ త్వరగా పులుస్తుంది. ఇక్కడిదాకా ఎండ వాళ్ల పక్షమే. రంగు వేశాక బట్టని పారే నీళ్లలో జాడించాలి. మే నెలలో స్వర్ణముఖిలో ఇసుక తప్ప ఏముంటుంది? అచ్చులతో అద్దే పెడన వాళ్లకీ పారే నీరే కావాలి, కృష్ణా కాలవలు కట్టేసేది సరిగ్గా అప్పుడే. ఎండా కావాలి, నీళ్లూ కావాలి. మొదటిది దండిగా ఉన్నప్పుడు రెండోది ఉండదు.

కొండపల్లి బొమ్మలకి పొణికి కర్ర ఆరడానికి ఈ రోజులు మంచివే. ఏటికొప్పాకలో తిరిగే కర్రకి లక్కని అదిమిపట్టి ఆ రాపిడి వేడికి పూత పూస్తారు, అందుకే తయారైన లక్కబొమ్మని ఎండలో ఉంచకూడదు. వీటి గురించి నాకు ఇంతకంటే లోతుగా తెలియదు కాబట్టి ఆపేస్తాను.

పిల్లలూ, ఇప్పుడు మీకు. చాలామంది ఫ్యాన్సీ షాపులో రంగురంగుల ఉన్ని కొనుక్కొచ్చారు. అది పైన పెట్టెయ్యండి. మేలో ఉన్ని పట్టుకుంటే వేళ్లకి అతుక్కుంటుంది, రెండు రోజులకే విసుగొస్తుంది, తప్పు మీదనుకుంటారు. నూలు దారంతో మొదలుపెట్టండి. ఇంకో మాట. ఎండాకాలానికే పుట్టిన చేతిపనులు మనకి ఉన్నాయి. తాటాకు విసనకర్ర అల్లిక చూశారా? లేత ఆకుని ఈనె తీసి సమంగా చీల్చి, ఒకటి పైకి ఒకటి కిందికి వేసుకుంటూ పోతే చాప నేసినట్టే వస్తుంది. ఆకు ఎండితే విరుగుతుంది, అందుకని తడిగుడ్డలో చుట్టుకుని అల్లాలి. పొద్దున అల్లిన విసనకర్రతో మధ్యాహ్నం అమ్మమ్మకి విసరొచ్చు.

పూలజడ మాత్రం తప్పకుండా నేర్చుకోండి. మల్లెలు విరగబూసేది ఈ కాలంలోనే. పువ్వులు విచ్చుకున్నాక పనికిరావు, మొగ్గగా ఉండగానే కొయ్యాలి, కోసింది తడిగుడ్డలో వెయ్యాలి. అరటి దొప్పని జడ వెడల్పుకి కోసుకుని, దాని మీద మొగ్గల తలలన్నీ ఒకే వైపు ఉండేట్టు వరసగా కుట్టుకుంటూ వెళ్లాలి. మధ్యమధ్య ఒక వరస కనకాంబరం, ఒక వరస మరువం. మొగ్గ మొగ్గకీ సందు కనబడకూడదు, అలాగని నొక్కితే మొగ్గ నలిగి నల్లబడుతుంది. లేసులో బిగువు అన్నానే, అదే ఇక్కడా. సాయంత్రం కుట్టడం మొదలుపెడితే పూర్తయ్యేసరికి మొగ్గలు విచ్చుకుంటూ ఉంటాయి, ఇల్లంతా వాసన. ఆ జడ మర్నాటికి వాడిపోతుంది. అది కుట్టిన చేతికి వచ్చిన నేర్పు మాత్రం ఉంటుంది.

ఇక తెలంగాణ నుంచి వచ్చిన అక్కలకి ఒక చిన్న తేడా చెప్పాలి. మీ వైపు ఎండ పొడి ఎండ. గుమ్మానికి వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లితే గది చల్లబడుతుంది, దారానికీ మంచిదే. మా కోస్తాలో అదే పని చేస్తే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. గాలిలో అప్పటికే నీరుంది, ఒంటి చెమటే ఆరడం లేదు. మాకు కావాల్సింది అటూ ఇటూ తెరిచిన కిటికీలు, చెట్టు నీడ, అరుగు. యూట్యూబ్‌లో చూసిన చిట్కా మీ ఊరి గాలికి పనికొస్తుందా అని ఒకసారి ఆలోచించి చెయ్యండి.

ఇప్పుడు నా మనసులో బరువుగా ఉన్న విషయం. 2015 మే నెల వడగాడ్పులు మీకు గుర్తుండే ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఎండ దెబ్బ అనగానే అందరికీ పొలం, రోడ్డు, ఇటుక బట్టీ గుర్తొస్తాయి. ఇంట్లో కూర్చుని అల్లుకునే ఆడదానికి ఎండేమిటి, నీడపట్టునే ఉంది కదా అంటారు. ఆ నీడ రేకుల నీడ. మధ్యాహ్నం రెండింటికి ఆ రేకు కింద కూర్చుంటే నెత్తి మీద పెనం పెట్టినట్టుంటుంది. ఉపాధి హామీ పనిని ఎండల్లో పొద్దున్నే పెట్టి ముగిస్తారు. లేసు అల్లే మనిషి మధ్యాహ్నం కూడా కూర్చుంటుంది, ఎందుకంటే కూలి పీసుకి, గంటకి కాదు. కూర్చోకపోతే నష్టం ఆవిడదే. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అని చెప్పే జీఐ ట్యాగ్, వచ్చింది. ఆ రోజు నేను ఏడ్చాను, సంతోషంతోనే. ఆ గుర్తింపు పేరుకి వచ్చింది. పేరు తెచ్చిన చేతులు ఇంకా ఆ రేకుల కిందే ఉన్నాయి.

అందుకని ఆర్డర్లు ఇచ్చేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను. మే నెలలో పెట్టే తేదీకి పది రోజులు కలపండి. అతుకుపని జూలైకి జరపండి. పీసులకి మచ్చ పడదు, మీకూ లాభమే. గుజరాత్‌లో 'సేవా' (SEWA) అనే ఆడవాళ్ల సంఘం 2023లో అసంఘటిత రంగంలో పనిచేసే ఆడవాళ్ల కోసం ఎండ బీమా మొదలుపెట్టింది. వేడి ఒక హద్దు దాటి కొన్ని రోజులు కొనసాగితే సభ్యులకి డబ్బు అందుతుంది. మన సంఘాలు కూడా ఇలాంటిది అడగొచ్చు. తెలంగాణలో 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చారు, అంటే ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కప్పులు. అంత పెద్ద మాటలు వద్దనుకున్నా, రేకు మీద తెల్ల సున్నం రెండు పూతలు వెయ్యడానికి మనకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా ఇంటికి వేశాం. పని గదిలో తేడా మొదటి రోజే తెలిసింది.

పన్నెండు నుంచి నాలుగు దాకా సూది పట్టొద్దు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగండి, పడుకోండి. తల తిరిగినా, కడుపులో తిప్పినా వరస పూర్తిచేసి లేద్దామనుకోవద్దు, అక్కడే వదిలేసి లేవండి. పక్కన ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా నీడకి చేర్చి ఒళ్లంతా తడుపుతూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఎనిమిదవుతోంది, రేకు వేడెక్కడం మొదలైంది. ఇవాళ్టికి ఇంతే. రేపు ఐదున్నరకి రావిచెట్టు అరుగు మీద కూర్చుందాం. ఒక సూది, ఒక తెల్లదారం ఉండ, ఒక పాత తువ్వాలు తెచ్చుకోండి. ఆరు రేకుల పువ్వుతో మొదలుపెడతాం.