యమహా ఎన్‌ఎస్-10 రివ్యూ: డీజే బాక్స్‌లో పోయిన పరువు తిరిగొచ్చిందా?

నమస్కారం అండి. నా వెనకాల టేబుల్ మీద ఉన్న ఈ తెల్ల కోన్ స్పీకర్లని ఏదో ఒక స్టూడియో ఫోటోలో మీరు చూసే ఉంటారు. యమహా ఎన్‌ఎస్-10. సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగు నెలలైంది. వీటి మీద మిక్స్ చేసిన, అంటే గొంతు, వాయిద్యాలు సమపాళ్లలో కలిపిన పాట బయట ఎక్కడ వేసినా నిలబడుతుందని అంటారు కదా, అది ఎంతవరకు నిజమో ఇవాళ చెప్తా.

అసలు నేను వీటిని పరువు పోయాక కొన్నా. పోయిన ఎండాకాలం దోస్తు పెళ్లి బరాత్‌లో నేను మిక్స్ చేసిన జానపద పాట వేశారు. ఇంట్లో అద్దిరిపోయిన పాట. డీజే బాక్సుల్లో పడగానే కిక్ డ్రమ్ మోత పొట్టలో గుద్దుతోంది, డప్పు అందులో కొట్టుకుపోయింది, పాడిన అమ్మాయి మాట ఒక్కటీ అర్థం కాలేదు. డీజే తమ్ముడు నా వైపు తిరిగి, "గిదేం పాటన్నా, మాటలే వినపడ్తలేవు" అన్నాడు. మిక్స్ నాదని అతనికి తెలీదు. నేనూ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు అదే పాట ఫోన్‌లో వేస్తే ఇంకో వింత. బేస్ అసలు లేనే లేదు!

అక్కడ తట్టుకోలేనంత, ఇక్కడ సున్నా. రెండిటికీ మూలం నా గదే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. సౌండ్ సెకనుకి దాదాపు 1,130 అడుగులు పోతుంది. లెక్క వేస్తే, పదడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర అల ఇరుక్కుని నిలబడిపోతుంది. గోడకి ఆనుకుని వింటే ఆ బేస్ దంచేస్తుంది, గది మధ్యలో దాదాపు మాయం. పొడవు, వెడల్పు సమానం కాబట్టి రెండు వైపుల నుంచీ అదే దెబ్బ. మరి నా కుర్చీ ఎక్కడ? సరిగ్గా గది మధ్యలో! కిక్ వినపడట్లేదని అక్కడే పెంచుకుంటూ పోయా. పైగా అర్ధరాత్రి, పక్కింటివాళ్లు లేస్తారని వాల్యూమ్ తగ్గించుకుని. సౌండ్ తగ్గితే మన చెవికి బేస్ ఇంకా తక్కువ వినపడుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చెప్పారు. నాకు బరాత్‌లో తెలిసింది.

ఫోన్ స్పీకరేమో 56 హెర్ట్జ్‌ని పలకనే పలకదు. నేను పెంచిందంతా దానికి లేనట్టే.

సరే, స్పీకర్ల దగ్గరకొద్దాం. 1978లో ఇళ్లలో పాటలు వినడానికని వీటిని తెచ్చారు. హైఫై వాళ్లకి పెద్దగా నచ్చలేదు, స్టూడియోల వాళ్లు పట్టుకుపోయారు. చెవిలో గుచ్చుతున్నాయని ట్వీటర్ (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్) మీద టిష్యూ పేపర్ అతికించుకుని మరీ వాడారు. 1987లో స్టూడియో మోడల్ వచ్చింది. 2001లో ఆపేశారు, ఆ తెల్ల కోన్‌కి కావలసిన కాగితపు గుజ్జు దొరకడం లేదని.

వినడానికి బాగుంటాయా? బాగుండవండీ. మొదటి రోజు మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పాత రేడియోలా ఉంది, దీనికా ఇంత పోశారు?" అంది. కరెక్టే. బేస్ తక్కువ, ఒకటిన్నర, రెండు కిలోహెర్ట్జ్ దగ్గర సౌండ్ గుట్టలా లేచి ఉంటుంది. కానీ పాటలో మాట స్పష్టంగా తెలిసేది, డప్పు మీద సిటికెన పుల్ల టక్కున తగిలేది ఆ చుట్టుపక్కలే. రెండూ కొట్టుకుంటుంటే ఈ స్పీకర్ మొహం మీదే చెప్తుంది. నా పాత మిక్స్ వేయగానే, ఐదు నిమిషాలు కూడా కూర్చోలేకపోయా.

ఇంకో సంగతి. ఇది పూర్తిగా మూసేసిన పెట్టె. ఇప్పుడొచ్చే చిన్న స్పీకర్లలో చాలావాటికి ఒక రంధ్రం ఉంటుంది, దాన్ని పోర్ట్ అంటారు. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే బూ... అని మోగుతుంది చూశారా, అదే పద్ధతిలో బేస్ పెంచుతాయి. కిక్ ఆగిపోయాక కూడా ఆ మోత కాస్త సాగుతుంది. మూసిన పెట్టెలో దెబ్బ పడింది, అయిపోయింది. కిక్ ఎంత పొడుగుందో, బేస్‌తో ఎక్కడ కలిసిపోతోందో బాగా తెలుస్తుంది.

ఆ పాటనే మళ్లీ మొదటి నుంచి మిక్స్ చేశా. డప్పుని రెండు కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గిస్తే గొంతు పైకి తేలింది. తర్వాత ఒక స్పీకర్ ఆపేసి మోనోలో, అంటే ఎడమ, కుడి రెండిటినీ ఒకటిగా కలిపి విన్నా. వెనక పాడే ఆడవాళ్ల కోరస్ సగం ఎగిరిపోయింది! వెడల్పుగా ఉండాలని ఎడమకీ కుడికీ కొన్ని మిల్లీసెకన్ల తేడా పెట్టా, రెండూ కలిపితే ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. ఒక్క స్పీకరున్న బ్లూటూత్ డబ్బాల్లోనూ ఇదే జరుగుతుంది. ఆ ఎఫెక్ట్ పీకేసి, కోరస్ రెండుసార్లు పాడించి చెరో పక్కన పెట్టా.

మరి ఫోన్‌లో బేస్? ఇప్పుడు హెడ్‌ఫోన్స్ తీసేసి ఫోన్ స్పీకర్‌లోనే వినండి. (మామూలు బేస్ వినిపించాలి.) ఏమీ లేదు కదా. ఇప్పుడు ఇది. (డిస్టార్షన్ కలిపిన బేస్ వినిపించాలి.) వచ్చింది! బేస్‌కి కొంచెం డిస్టార్షన్ కలిపా, అంటే సౌండ్‌ని కావాలనే కాస్త చెడగొట్టా, అంతే. 55 హెర్ట్జ్ నోట్‌కి పైన 220, 275, 330 అని గుణిజాలు పుడతాయి. ఫోన్ వాటిని పలుకుతుంది, కింద లేని నోట్‌ని మన బుర్ర పూరించుకుంటుంది.

కానీ కిక్‌లో బాగా కింది బేస్ ఎంత పెట్టాలో ఎన్‌ఎస్-10 చెప్పదు. ఆ లోతుకి ఇది దిగదు. దాన్ని హెడ్‌ఫోన్స్‌లో చూసుకున్నా, తెలిసిన పాట ఒకటి పక్కన పెట్టుకుని, రెండిటి వాల్యూమూ సమానం చేసి. కుర్చీని ముందు గోడ నుంచి నాలుగడుగుల దూరానికి జరిపా. నిజం చెప్పాలంటే, బేస్ విషయంలో ఈ స్పీకర్ల కంటే ఆ కుర్చీయే ఎక్కువ పనిచేసింది. దానికి రూపాయి ఖర్చు కాలేదు.

కొనాలా? అందరికీ చెప్పను. వీటికి విడిగా మంచి యాంప్లిఫయర్ కావాలి, ఆ ఖర్చు కలుపుకోండి. పాత జత కొంటుంటే కోన్‌ని వేళ్లతో సున్నితంగా లోపలికి నొక్కి చూడండి, గరగర వస్తే కాయిల్ రాసుకుంటోందని. నాకు అమ్మినాయన "కొత్తలా ఉన్నాయి సార్" అన్నాడు. ఒకదానికి గరగర ఉంది, బాగు చేయించుకున్నా. బడ్జెట్ లేకపోతే ఒకే డ్రైవర్ (సౌండ్ పలికే కోన్) ఉన్న చిన్న స్పీకర్ ఒకటి తెచ్చుకుని మోనోలో, మాట్లాడుకునేంత సౌండ్‌లో వినండి. ఇందాక చెప్పిన గొంతు, డప్పు, కోరస్ గొడవలు చాలావరకు అందులోనే పట్టుకోవచ్చు.

ఇప్పుడు పాత మిక్స్, కొత్త మిక్స్ వెంటవెంటనే వేస్తా. వాల్యూమ్ సమానం చేశా. ఏది ముందో చెప్పను. ఫోన్‌లో ఒకసారి, కార్లోనో ఇంట్లో హోమ్ థియేటర్‌లోనో ఒకసారి విని, బరాత్‌లో నన్ను తలదించుకునేలా చేసింది ఏదో కామెంట్‌లో రాయండి. వేస్తున్నా.