ఎద తప్పితే 21 రోజులు

శ్రోతలందరికీ నమస్కారం.

పాడి లాభమా, పంట లాభమా? ఈ ప్రశ్నకి రెండు వేల ఏళ్లు దాటాయి. భూమి ఉన్నవాడికి దేనివల్ల ఎక్కువ లాభమని రోమన్ నాయకుడు కేటోని ఎవరో అడిగారట. పశువుల్ని బాగా మేపడం అన్నాడు. ఆ తర్వాత? ఓ మోస్తరుగా మేపడం. ఆ తర్వాత? సరిగ్గా మేపకపోయినా సరే, పశువులే. నాలుగోది అడిగితే అప్పుడు చెప్పాడు, దున్నడం అని.

ఈ కథ నాకు చాలా ఇష్టం. కానీ ఆ మూడో జవాబు దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. కేటో కాలంలో పెద్ద భూస్వాములకి విశాలమైన బీళ్లుండేవి, రోముకి ధాన్యం సిసిలీ నుంచి ఓడల్లో వచ్చేది. మేత ఊరికే దొరికే చోట ఆయన లెక్క సరిపోతుంది. మేత కొనాల్సిన చోట సరిపోదు. పాల ఉత్పత్తికయ్యే ఖర్చులో సుమారు 60 నుంచి 70 శాతం మేతకీ దాణాకే పోతుంది. పాలిచ్చే రోజైనా, వట్టిపోయిన రోజైనా గడ్డి వేయాల్సిందే.

పంట అలా కాదు. విత్తనం, ఎరువు, కూలి ముందే పెట్టేస్తాం. నాలుగు నెలలకి కోతనాడు అంతా ఒకేసారి తేలిపోతుంది. వాన దెబ్బ తీస్తే ఆ నష్టం కళ్లముందే కనిపిస్తుంది. ఆవు దగ్గర నష్టం కనిపించదు. రోజుకింత, రోజుకింత జారిపోతుంది.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. ఆవు ఈని రెండు నెలలు దాటింది. సరిగ్గా అప్పుడే కోతలొచ్చాయి. పాలు పితకడం, ఇంత గడ్డి పడేయడం, పొలానికి పరిగెత్తడం. ఒక తెల్లవారుజామున ఆవు ఆగకుండా అరిచింది. దూడ కోసమేమో అనుకున్నాం. మర్నాటికి మామూలైపోయింది. మూడు వారాలకి మళ్లీ అరిచింది. అప్పుడు నూర్పిళ్లు. రాత్రి మా అమ్మ పాకలోకి వెళ్లి చూస్తే, ఎదకొచ్చినప్పుడు కారే జిగురు తీగ తోకకి ఎండి అంటుకుని ఉంది. అప్పటికే ఎద, అంటే ఆవు చూడి కట్టడానికి సిద్ధంగా ఉండే ఆ కాస్త సమయం, చల్లారిపోయింది.

ఆ ఏడు ధాన్యం బాగా వచ్చింది. బస్తాలు లెక్కపెట్టుకుని సంతోషించాం. ఆవు దగ్గర పోయిన 42 రోజుల్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. మరుసటి ఏడు వట్టిపోయిన ఆవుకి ఆ 42 రోజులూ మేత వేస్తుంటే అమ్మ అంది: "కోతలో గింజ రాలితే ఏరుకుంటాం. ఇది ఎక్కడ ఏరుకుంటాం?"

అందుకే ఇవాళ నేను మిగతావన్నీ పక్కన పెట్టి ఎద గురించే చెబుతున్నాను. ఆవుకి సుమారు 21 రోజులకోసారి ఎద వస్తుంది. అది బలంగా ఉండేది ఒక పూట, మహా అయితే ఇంకాస్త. చూడి మోసేది దాదాపు 280 రోజులు. అంటే ఈనిన 85 రోజులకల్లా మళ్లీ చూడి కడితేనే ఏడాదికో ఈత. 305 రోజులు పాలు, 60 రోజులు విశ్రాంతి. ఒక ఎద తప్పితే 21 రోజులు. రెండు తప్పితే 42.

సొంత గడ్డి ఉండి, తెల్లారి పాకలో ఒక మనిషి ఉండే ఇంట్లో పాడి పంటకంటే నిలకడైన ఆదాయమని నా నమ్మకం. వరిలో గింజ ఎంత బరువో గడ్డి కూడా దాదాపు అంతే వస్తుంది, కాబట్టి ఆ పాడిని సగం మోసేది పంటే. గడ్డీ కొనాలి, చూసే మనిషీ లేడంటే పంటే మేలు. నేనైతే అక్కడ ఆవుని కొనమని చెప్పను.

ఆవు ఉన్నవాళ్లు ఇవాళే గోడ మీది క్యాలెండర్‌లో అది ఈనిన తేదీ చుట్టూ సున్నా చుట్టండి. అక్కడి నుంచి 40 రోజులు దాటాక తెల్లవారుజామునా, రాత్రి పడుకునేముందూ పది నిమిషాలు పాకలో నిలబడండి. అరుపు, తీగ, పక్క ఆవు ఎక్కుతుంటే కదలకుండా నిలబడటం, ఇవీ గుర్తులు. ఎద కనిపించిన ప్రతి తేదీ రాసిపెట్టుకోండి. 60 రోజులు దాటాక ఎద పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూడి కట్టడానికి వేసే సూది వేయించండి. కోతల రోజులైతే ఈ పని ఇంట్లో ఒకరికి అప్పగించి పొలానికి వెళ్లండి. ఉంటాను, నమస్కారం.