బడి మానిపించే ముందు

అందరికీ నమస్కారం. ఎండలో కూడా ఇంతమంది తల్లిదండ్రులు వచ్చినందుకు సంతోషం.

ఈమధ్య నేను ఎక్కడికి వెళ్లినా ఒక ప్రశ్న ఎదురవుతోంది. "టీచరుగారూ, మా వాణ్ణి బడి మానిపించి ఇంట్లోనే చదివించుకోవచ్చా?" ఒకప్పుడు ఈ మాట అడిగేవాళ్లే లేరు. 2020లో బడులు మూతపడ్డాక మొదలైంది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అడుగుతున్నారు. సిటీ వదిలి వ్యవసాయానికి వచ్చిన జంటలు అడుగుతున్నారు. ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి ఏ బడీ నిలుపుకోక, వేరే దారి లేని తల్లులూ అడుగుతున్నారు.

ఈ ప్రశ్న వెనక ఉన్న బాధ నాకు తెలుసు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్. పొద్దున ఏడింటికి బస్సు, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం టెస్టు, రాత్రికి నాన్న ఫోన్‌కి ర్యాంకు మెసేజ్. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అని ఏడ్చే పదేళ్ల పిల్లను డాక్టరు చూసి, ఒంట్లో ఏమీ లేదు, టెన్షన్ అంటున్నాడు. అలాంటి చోటు నుంచి బిడ్డను బయటికి తెచ్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ తెచ్చుకుని ఎక్కడ పెడుతున్నాం, ఎవరి చేతిలో పెడుతున్నాం? ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు, బడి మానిపిస్తే కేసు పెడతారేమో అన్న భయం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటిచదువును పేరుపెట్టి నిషేధించనూ లేదు. ఒక్క సందర్భంలో మాత్రం చట్టమే ఇంటిచదువు మాట ఎత్తింది. తీవ్ర వైకల్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును కోరవచ్చని 2012 సవరణలో చేర్చారు. మన రెండు రాష్ట్రాల్లోనూ వైకల్యం ఉన్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు మంచం దిగలేని పిల్లల ఇళ్లకే వెళ్లి నేర్పుతారు. ఈ సంగతి తెలియక ఒంటరిగా అవస్థ పడే తల్లులు చాలామంది ఉన్నారు. మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే దయచేసి ఆ తల్లికి చెప్పండి.

ఇక ఇంట్లో చదువు వస్తుందా అంటే, వస్తుంది. కొన్ని విషయాల్లో బడి కంటే బాగా వస్తుంది. జీవితమంతా ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నేనే ఒప్పుకుంటున్నాను.

నాలుగో తరగతి పిల్లను 503 లోంచి 267 తీసెయ్యమంటే మధ్యలో సున్నా దగ్గర ఆగిపోతుంది. పక్కంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలి, అక్కడేమో ఏమీ లేదు. నలభైమంది ఉన్న తరగతిలో టీచరు మహా అయితే రెండుసార్లు చెప్పగలదు. మర్నాడు గుణకారం మొదలవ్వాలి. పిల్ల పక్కపిల్ల నోట్సు చూసి 236 అని రాసుకుంటుంది, మేము టిక్కు పెడతాం. ఆ సున్నా దగ్గరి గందరగోళం ఎనిమిదో తరగతి దాకా ఆ పిల్ల వెంటే వస్తుంది. అదే ఇంట్లో అయితే ఐదు వందనోట్లు, మూడు రూపాయి బిళ్లలు ముందు పెట్టి, 267 ఇవ్వమ్మా అని అడగొచ్చు. పిల్ల ఒక వందనోటు మార్చి పది పదినోట్లు తీసుకుంటుంది. అందులో ఒక పదినోటు మార్చి పది రూపాయి బిళ్లలు తీసుకుంటుంది. అప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చేత్తో పట్టుకుని చూస్తుంది. మూడు రోజులు పట్టనివ్వండి, వారం పట్టనివ్వండి. వెనకాల తరుముతున్న సిలబస్ ఏమీ లేదు. ఒక్క పిల్లకు ఒక్క పెద్దమనిషి దొరికితే, బడిలో రోజంతా జరిగే పాఠం రెండు మూడు గంటల్లో అయిపోతుంది.

అయితే కరోనా రోజుల్లో మనం చూసినదాన్ని ఇంటిచదువు అనుకోకండి. టీవీలో, ఫోన్‌లో వచ్చిన ఆ పాఠాలు బడివే. పిల్ల మాత్రం గదిలో ఒంటరిగా కూర్చుంది. ఇంటిచదువు అంటే పక్కన ఓపికగా కూర్చునే మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరన్నదే అసలు సంగతి.

మీకు ఒకావిడ గురించి చెప్పాలి. భండారు అచ్చమాంబ 1874లో నందిగామలో పుట్టింది. సరిగ్గా అదే ఏడాది కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచారు. ఆ బడి అచ్చమాంబకు అందలేదు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, పదేళ్లకే పెళ్లయింది. భర్త ఉద్యోగం అప్పటి మధ్యప్రాంతాల్లో, అంటే నాగపూర్ వైపు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకోసం అక్కగారింటికి వచ్చి ఉన్నాడు. తమ్ముడు చదువుతుంటే పక్కన కూర్చుని ఆమె తెలుగు, హిందీ నేర్చుకుంది. ఆ చదువుతోనే కథలు రాసింది, స్త్రీల చరిత్రలు రాసింది, మచిలీపట్నంలో స్త్రీల సమాజం పెట్టింది. ముప్పై ఏళ్లు దాటగానే, 1905లో చనిపోయింది. ఇంటిచదువు ఎంత గొప్పగా ఉండగలదో చెప్పాలంటే తెలుగులో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కానీ ఆ ఇంట్లో లక్ష్మణరావు లాంటి తమ్ముడున్నాడు. ఆ తరంలోనే పుట్టి, అలాంటి తమ్ముడు లేని ఆడపిల్లల మాటేమిటి? వాళ్లలో చాలామంది తమ పేరు రాసుకోవడం కూడా రాకుండానే పోయారు. ఇంట్లో ఉన్నంతే ఇంటిచదువు. ఇంట్లో పుస్తకం ఉంటే పుస్తకం, ఓపిక ఉంటే ఓపిక. లేనిదాన్ని ఇల్లు ఇవ్వలేదు. బిడ్డ చదువు ఇంటి అదృష్టానికి కట్టుబడి ఉండకూడదనే మనవాళ్లు బడి కోసం అంత పోరాడారు.

బడి ఇచ్చేది పాఠం ఒక్కటే కాదు. మధ్యాహ్న భోజనం వరుసలో రైతుకూలీ కొడుకు, పంచాయతీ ఆఫీసు గుమాస్తా కూతురు పక్కపక్కన కూర్చుంటారు. వాళ్లను అలా కూర్చోబెట్టింది ఏ తల్లీ తండ్రీ కాదు. ఇంట్లో పెరిగే బిడ్డకు స్నేహితుల్ని మనం ఎంచి తెస్తాం. అదే అపార్ట్‌మెంటు, అదే జీతం, చాలాసార్లు అదే కులం. ఎంత మంచి మనసున్న తల్లిదండ్రులైనా తమ గేటు లోపలి ప్రపంచాన్నే చూపించగలరు. నచ్చని పిల్లవాడితో ఒకే బెంచీ మీద ఏడాదంతా కూర్చోవడం, తగువు పడి మళ్లీ మాట్లాడుకోవడం మనం బోధించి నేర్పగలిగేవి కావు.

ఇంకో మాట. తొమ్మిదో తరగతి పిల్ల నాలుగు రోజులు రాకపోతే, పెళ్లి కుదిర్చారని తోటిపిల్లలే వచ్చి టీచరు చెవిలో చెబుతారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్తుంది, పెళ్లి ఆగుతుంది. హాజరుపట్టీలో పేరు లేని పిల్ల రాలేదని గమనించేదెవరు? అన్ని ఇళ్లూ బిడ్డకు క్షేమమైన చోట్లు కావని టీచర్లుగా మాకు బాగా తెలుసు. మీ ఇల్లు అలాంటిదని నేను అనడం లేదు. కానీ బడి వద్దనే మాట ఒక పద్ధతిగా నలుగురిలో పాకితే, మొదట గడప లోపల ఉండిపోయేది ఆడపిల్లలే.

నాన్నలతో ఒక మాట సూటిగా చెప్పాలి. "మేం ఇంట్లోనే చదివిస్తున్నాం" అని నాతో అన్న చాలా ఇళ్లలో చదివిస్తున్నది అమ్మ ఒక్కతే. ఉద్యోగం మానేసింది, వంట మానలేదు, అత్తగారి మందులు మానలేదు. వాటి మీద గణితం, సైన్సు, తెలుగు, ఇంగ్లీషు. పిల్లవాడికి ఒక అక్షరం రాకపోతే చుట్టాలందరి ముందూ దోషి ఆమే. ఇంటిచదువు మీ ఇద్దరి నిర్ణయమైతే రోజూ మీ వంతుగా ఏ పాఠం చెబుతారో, ఏ పని తగ్గిస్తారో ముందే చెప్పండి. చెప్పలేకపోతే బిడ్డను బడిలోనే ఉంచండి.

"అమెరికాలో మా చెల్లెలు చేస్తోందండీ" అంటారు. నిజమే, అక్కడ 50 రాష్ట్రాల్లోనూ అది చట్టబద్ధం. రూల్సు మాత్రం రాష్ట్రానికో రకం. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక ఇవ్వాలి, మూణ్ణెల్లకోసారి రిపోర్టు పంపాలి. టెక్సస్‌లో అవేవీ అక్కర్లేదు. జర్మనీలోనైతే ఇంటిచదువుకు అనుమతే లేదు. అమెరికాలో ఆ తల్లి వెనక పేటపేటకీ లైబ్రరీ ఉంది, వారానికోసారి పిల్లల్ని కలిపి కూర్చోబెట్టే కుటుంబాలున్నాయి. మీకు ఇక్కడ అవి ఉన్నాయా అని చూసుకోండి.

అన్నీ ఆలోచించి ఇంటిచదువుకే సిద్ధపడితే, సర్టిఫికెట్ దారి ఉంది. జాతీయ సార్వత్రిక పాఠశాల, ఎన్ఐఓఎస్ అంటాం కదా, అందులో 14 ఏళ్లు నిండితే టెన్త్‌కు కట్టొచ్చు. కనీసం ఐదు సబ్జెక్టులు. ఒకేసారి అన్నీ రాయక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ సొంత ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి. ఎన్ఐఓఎస్ ఇంటర్‌తో జేఈఈ రాయొచ్చు. నీట్‌కు ఓపెన్ స్కూలు పిల్లలు పనికిరారన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఏ కాలేజీలో చేరాలన్నా ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే చదువుకోండి, మధ్యవర్తుల మాట నమ్మొద్దు.

ఏడాది గడిచాక ఇల్లు కుదరలేదనిపిస్తే సిగ్గుపడకండి. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం మీ బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడినచోట ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. "పై తరగతికి కుదరదు, ఒకటి నుంచి మొదలుపెట్టండి" అంటే ఒప్పుకోకండి.

జూన్‌లో బడులు తెరుస్తారు. కార్పొరేట్ స్కూలు వద్దనుకున్నంత మాత్రాన మిగిలింది ఇల్లొక్కటే కాదు. మీ వీధి చివర ప్రభుత్వ బడికి ఒక పూట వెళ్లి, ప్రార్థన దగ్గర నుంచి భోజనం దాకా ఉండి చూడండి. హెడ్‌మాస్టర్ని అడిగితే ఏ తరగతికి ఎవరు చెబుతున్నారో చెబుతారు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో విద్యా కమిటీలో చేరి అడగండి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని కూడా విద్యాహక్కు చట్టమే చెప్పింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు అమ్మలు అడగాలి.