ఇటలీలో ఏ ఒడ్డుకు వెళ్దాం?

శ్రోతలకు నమస్కారం.

మనవాళ్లు ఇటలీ వెళ్లారంటే సాధారణంగా రోము, ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్ వారంలో చుట్టేసి వస్తారు. పెట్టెలు సర్దడం, రైలెక్కడం, దిగడం, మళ్లీ సర్దడం. పిల్లలకు విసుగు, పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు. ఇటలీ కుటుంబాలు ఎండాకాలం సెలవులు అలా గడపవు. తాతయ్యలు, అమ్మమ్మలతో సహా సముద్రం ఒడ్డున ఏదో ఒక ఊళ్లో దిగి, వారమో పది రోజులో అక్కడే ఉండిపోతాయి. మనం కూడా ఒకసారి అలా వెళ్లి చూడాలని నా కోరిక. అందుకు ఏర్పాట్లు ఎలా చేసుకోవాలో ఈ రోజు చెప్పుకుందాం.

ఇటలీకి దాదాపు 7,500 కిలోమీటర్ల తీరం ఉంది. అదంతా ఒక్కలా ఉండదు. ఫోన్లలో మనం చూసే ఫొటోలు ఎక్కువగా రెండు చోట్లవి. ఒకటి దక్షిణాన అమాల్ఫీ, రెండోది వాయవ్యాన చింక్వే టెర్రె. కొండ అంచున రంగురంగుల ఇళ్లు, కింద నీలం నీళ్లు. చూడ్డానికి ఎంతో అందం, కాదనను. కానీ అక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి. అమాల్ఫీ తీరంలోని పొజితానో ఊళ్లో ఒడ్డుకు చేరాలంటే మెట్లే మెట్లు. చింక్వే టెర్రెలోని ఐదు ఊళ్లలో ఒకటైన కొర్నీల్యాకు రైలు స్టేషన్ నుంచి ఎక్కాలంటే దాదాపు 380 మెట్లు. చాలాచోట్ల ఇసుక బదులు గులకరాళ్లు, ఒడ్డు దాటగానే లోతు. కొత్తగా పెళ్లయినవాళ్లు వెళ్తే సరే. మూడేళ్ల పాపను చంకనెత్తుకుని, డెబ్బై ఏళ్ల అత్తగారి చెయ్యి పట్టుకుని అక్కడ సెలవులేమిటి?

నా లెక్క ఒక్కటే. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లూ, అందరికన్నా పెద్దవాళ్లూ భయం లేకుండా నడిచివెళ్లి నీళ్లలో దిగగలిగే ఒడ్డును ఎంచుకోండి. అలాంటి ఒడ్డు తూర్పున అడ్రియాటిక్ సముద్రం వైపు ఉంది. రిమిని, రిచోనె, చెజెనాటికో, కట్టోలికా, ఇవన్నీ ఒకే వరుసలో ఉన్న ఊళ్లు. పో నది, అపెన్నైన్ కొండల్లో పుట్టిన ఏరులు వేల సంవత్సరాలుగా మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుక వల్ల ఆ వైపు నేల చదునుగా ఉంటుంది. అడ్రియాటిక్ ఉత్తర భాగం సగటు లోతు దాదాపు 35 మీటర్లే. ఒడ్డు నుంచి లోపలికి ఎంతో దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. రిమిని ఉత్తరాన ఉన్న వీజెర్బా వైపైతే ఒడ్డుకు సమాంతరంగా రాళ్ల గట్లు కట్టారు. అలలు అక్కడే విరిగిపోతాయి.

విశాఖ ఆర్కే బీచ్‌లో అలలను చూస్తూ పెరిగినవాళ్లకు ఈ మాట నమ్మబుద్ధి కాదు. మన దగ్గర సముద్రమంటే పాదాలు తడుపుకుని వెనక్కి వచ్చేయడమే, అది మంచి జాగ్రత్తే. రిమిని వైపు మాత్రం పిల్లలు కూర్చుని ఆడుకునేంత లోతులో నీళ్లుంటాయి.

రిమిని బీచ్ పొడవు దాదాపు 15 కిలోమీటర్లు. దాన్ని ముక్కలు ముక్కలుగా చిన్న చిన్న యాజమాన్యాలు నడుపుతుంటాయి. ఒక్కో ముక్కను బాన్యో అంటారు, ఒక్కోదానికి ఒక నంబరు. పొద్దున్నే పనివాళ్లు ఇసుకను పంటె పట్టి చదును చేస్తారు, వరుసలు వరుసలుగా గొడుగులు విప్పుతారు, ఒక్కో గొడుగు కింద రెండు పడక కుర్చీలు వేస్తారు. స్నానాల గదులు, బట్టలు మార్చుకునే గదులు, పిల్లల ఉయ్యాలలు, కాఫీ కొట్టు, అన్నీ అక్కడే. గొడుగు, రెండు కుర్చీలకు రోజుకు సుమారు 20 నుంచి 35 యూరోలు తీసుకుంటారు. నీళ్లకు దగ్గరి వరుస ఖరీదు ఎక్కువ. వెనక వరుసలు చవక, నీడలో ఏ తేడా ఉండదు. వారానికి కలిపి తీసుకుంటే తగ్గిస్తారు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే, ఎవరైనా తువ్వాలు పరుచుకుని కూర్చోగలిగే ఉచిత బీచ్‌లు కూడా మధ్యమధ్యలో ఉంటాయి. నీళ్ల అంచున ఐదు మీటర్ల మేర అందరికీ దారి వదలాలని నిబంధన ఉంది. అక్కడ నడిచేవాళ్లను ఎవరూ ఆపకూడదు.

మీ బాన్యో నంబరు పిల్లలతో బట్టీ పట్టించండి. గొడుగులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి దారి తప్పడం తేలిక. రిమినిలో బీచ్ పొడవునా మైకులు పెట్టి, తప్పిపోయిన పిల్లల గురించి రకరకాల భాషల్లో ప్రకటిస్తారు. రేడియో మనిషిని కాబట్టేమో, ఆ ఏర్పాటంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఇక ఎప్పుడు వెళ్లాలి? మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన బడులకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ 11 దాకా సెలవులు. మే నెలలో అడ్రియాటిక్ నీళ్లు ఇంకా 17, 18 డిగ్రీల దగ్గరుంటాయి. మన పిల్లలు కాలు పెట్టి కెవ్వుమంటారు. దసరా సెలవులకు వెళ్తే గొడుగులు, కుర్చీలు తీసేసి ఉంటారు. కాబట్టి ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లేవాళ్లు మే ఆఖరి రోజుల్లో దిగి, జూన్ 8, 9 తేదీల్లో తిరుగు ప్రయాణమయ్యేలా చూసుకోవడం మేలు. అప్పటికి నీళ్లు 20 డిగ్రీలకు చేరతాయి, మధ్యాహ్నాలు హాయిగా ఆడుకోవచ్చు. జూన్ 2 వాళ్ల గణతంత్ర దినోత్సవం, ఆ రెండు మూడు రోజులు గదులకు గిరాకీ ఎక్కువ. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న మన కుటుంబాలకు జూలై దాకా వెసులుబాటు ఉంటుంది. ఆగస్టు మాత్రం వద్దని చెబుతాను. ఆగస్టు 15 వాళ్ల పెద్ద పండుగ. ఆ ముందూ వెనకా దేశమంతా బీచ్‌లోనే ఉంటుంది, ధరలు చుక్కలనంటుతాయి.

జూన్ ప్రయాణానికి షెంగెన్ వీసా, అంటే ఇటలీ సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా, దాని పని ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎండాకాలం దగ్గరపడేకొద్దీ అపాయింట్‌మెంట్లు దొరకవు, అనవసరమైన టెన్షన్. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసా చేతికొచ్చేదాకా, డబ్బు వాపసు వచ్చే గదులే బుక్ చేయండి.

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా బొలోన్యా నగరం చేరితే తేలిక. విమానాశ్రయం నుంచి రైల్వే స్టేషన్‌కు మోనోరైలులో ఏడెనిమిది నిమిషాలు, అక్కణ్నుంచి రిమినికి వేగం రైలులో గంట. వేగం రైలు కాకుండా మామూలు ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గరి మిషన్‌లో ముద్ర వేయించుకోండి, లేకపోతే జరిమానా.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. సూపర్ మార్కెట్లలో బాస్మతి బియ్యం, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకెళ్లండి, ఇబ్బంది లేదు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం పెట్టెలో పెట్టొద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. మామిడికాయల కాలం కదా అని నాలుగు బంగినపల్లి పండ్లు సర్దుకున్నా, ధ్రువపత్రం లేకపోతే తీసేసుకుంటారు.

ఆ ప్రాంతం ప్రత్యేకత పియాదీనా. గోధుమపిండితో పెనం మీద కాల్చే పలుచని రొట్టె, అచ్చం మన చపాతీలా ఉంటుంది. వేడివేడిగా మధ్యకు మడిచి లోపల మెత్తని చీజ్, ఆకుకూర పెట్టి ఇస్తారు. పిల్లలు వదలకుండా తింటారు. అయితే శాకాహారులు ఒక విషయం గమనించాలి. పాత పద్ధతిలో ఆ పిండిని పంది కొవ్వుతో కలుపుతారు. దాన్ని స్ట్రుట్టో అంటారు. ఆలివ్ నూనెతో చేసినది కూడా చాలాచోట్ల దొరుకుతుంది, అడిగి తీసుకోండి. పార్మీజాన్ చీజ్‌ను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు, పట్టింపు ఉన్నవాళ్లు దాన్నీ వదిలేయాలి. అక్కడి తాజా పాస్తాలో కోడిగుడ్డు ఉంటుంది, ఎండు పాస్తాలో సాధారణంగా ఉండదు. ఏమీ తోచకపోతే మరినారా పిజ్జా అడగండి. అందులో ఉండేవి టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె. చీజ్ కూడా ఉండదు.

ఒడ్డుకు వెళ్లని రోజు పిల్లల్ని వీజెర్బా దగ్గరి ఇటాలియా ఇన్ మినియతూరా పార్కుకు తీసుకెళ్లండి, దేశంలోని పెద్ద కట్టడాలన్నీ బొమ్మలుగా చూపిస్తారు. రిమిని ఊళ్లో టైబీరియస్ వంతెన ఉంది, క్రీ.శ. 21లో పూర్తయింది, ఇవాళ్టికీ జనం దాని మీద నడుస్తున్నారు. బస్సెక్కితే గంటలోపే శాన్ మరీనో, అది వేరే దేశం. అంతకుమించి తిరగొద్దు, వచ్చింది సముద్రం కోసం.

బట్టల గురించి మొహమాటం వద్దు. అక్కడ అందరూ ఈత దుస్తుల్లోనే ఉంటారు, మన ఆడవాళ్లు పొడుగు చేతుల ఈత చొక్కా, లెగ్గింగ్స్ వేసుకుంటే ఎండ నుంచి కూడా రక్షణ. చీర, చుడీదార్‌తో మాత్రం నీళ్లలోకి దిగొద్దు, తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. ఒడ్డున బ్రాండెడ్ పేరుతో నకిలీ బ్యాగులు అమ్మేవాళ్లు తిరుగుతుంటారు. కొన్నవాళ్లకూ 300 యూరోల నుంచి జరిమానా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇటలీ అమ్మమ్మలు రెండు మూడు గంటలు పిల్లల్ని నీళ్లలోకి పోనివ్వరు. మీరూ అదే పద్ధతి పాటించండి, ఎండ తీవ్రంగా ఉండేది ఆ వేళలోనే. జూన్‌లో రాత్రి దాదాపు తొమ్మిది దాకా వెలుగుంటుంది, సాయంత్రం ఆటకు బోలెడంత సమయం.

నీళ్లు ఎంత లోతు తక్కువైనా, తెల్ల జెండా ఉంటేనే దిగండి. ఎర్ర జెండా ఉంటే పిల్లలు ఎంత మారాం చేసినా ఒడ్డునే ఆడించండి. ఏ ఆపద వచ్చినా ఫోన్ చేయాల్సిన నంబరు 112. సముద్రంలో ప్రమాదమైతే తీర రక్షక దళం నంబరు 1530. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి, మళ్లీ చెబుతున్నాను: ఒకటి ఒకటి రెండు. ఒకటి ఐదు మూడు సున్నా.

నమస్కారం.