పిల్లలకు ట్రాక్ వద్దు, మట్టి ఇవ్వండి

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ ఉగాది వేడుకను ఇంత శ్రద్ధగా నిర్వహిస్తున్న సంఘ కార్యవర్గానికి నమస్కారం. మన సభలలో ప్రతి వక్తా తొలి పది నిమిషాలను ధన్యవాదాలకే వినియోగించడం చాలా కాలంగా చూస్తున్నవాణ్ని కనుక, నా వంతు కృతజ్ఞతలను ఈ వాక్యంతోనే ముగిస్తున్నాను. నాకు కేటాయించిన అంశం ‘ప్రవాసంలో పిల్లల పెంపకం’. దాని గురించి నాకంటే ఎంతో బాగా చెప్పగల తల్లులు ఈ హాలులోనే ఉన్నారు. నేను మాత్రం ఈ మెల్‌బోర్న్ పడమటి శివార్లలో మన ఇళ్ల వెనుక, పాయ గట్టున, పిల్లలు తమ చేతులతో కట్టుకున్న సైకిల్ దిబ్బల గురించి, వాటిని స్థానిక కౌన్సిల్ ఒక్క పూటలో చదును చేయించిన తీరు గురించి మాట్లాడదలచుకున్నాను. ఇచ్చిన అంశాన్ని వదిలేశానని అధ్యక్షులు భావించవచ్చు. పెంపకం గురించి ఈ వయసులో నేను కొత్తగా తెలుసుకున్నదేమైనా ఉంటే అది ఆ దిబ్బల దగ్గరే తెలుసుకున్నాను కనుక, వదలలేదనే మనవి చేస్తున్నాను.

ఈ ఆట తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. బీఎంఎక్స్ సైకిల్ అంటే 20 అంగుళాల చక్రాలు, ఒకే గేరు, గట్టి ఉక్కు ఫ్రేము ఉన్న చిన్న సైకిల్. దాని సీటు కూర్చోవడానికి వీల్లేనంత కిందికి ఉంటుంది. ఆడేవాళ్లు ఎలాగూ కూర్చోరు. పిల్లలు ఎత్తు నుంచి వేగంగా దిగి, పైకి వంపు తిరిగిన ఒక మట్టి దిబ్బ ఎక్కి, గాలిలోకి లేచి, కొన్ని అడుగుల ఖాళీ దాటి, ఎదురుగా ఏటవాలుగా ఉన్న మరో దిబ్బ మీద దిగుతారు. ఎగిరే అంచును లిప్ అని, దిగే దిబ్బను ల్యాండింగ్ అని, మధ్యలో ఖాళీ ఉన్న జతను డబుల్ అని, ఆ ఖాళీని మట్టితో నింపేస్తే టేబుల్‌టాప్ అని, మలుపులో వాలుగా కట్టిన గోడను బెర్మ్ అని అంటారు. ఇవన్నీ మా మనవడు నాకు ఎంతో ఓపికగా నేర్పాడు. వాడికి నేను ఎక్కాలు నేర్పినప్పుడు నాకు అంత ఓపిక లేదని మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తూ ఉంటుంది.

ఈ ఆటను పెద్దలు తయారుచేసి పిల్లలకు ఇవ్వలేదు. 1963లో అమెరికాలో ష్విన్ సంస్థ స్టింగ్‌రే అనే చిన్న చక్రాల సైకిల్‌ను విడుదల చేస్తే, దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు దాన్ని ఖాళీ స్థలాలలోకి తీసుకుపోయి మోటోక్రాస్ అనే మట్టిదారి మోటార్‌సైకిల్ పందేలను అనుకరించడం మొదలుపెట్టారు. 1969లో లాస్ ఏంజెలెస్‌లోని పామ్స్ పార్కులో పిల్లలు తమకూ సైకిల్ పందెం పెట్టమని అడిగినప్పుడు, రాన్ మాక్లర్ అనే పార్కు ఉద్యోగి సరేనన్నాడు. మరుసటి ఏడాది లాంగ్ బీచ్‌లో స్కాట్ బ్రైటాప్ట్ అనే పదమూడేళ్ల కుర్రాడు ఒక ఖాళీ స్థలంలో సొంతంగా పందేలు నడిపాడు. ఆ తరువాత సంఘాలు, రుసుములు, నంబరు పలకలు, ప్రాయోజకులు వచ్చారు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ రేసింగ్‌కు, టోక్యో క్రీడలలో ఫ్రీస్టైల్‌కు, అంటే సైకిల్ విన్యాసాలకు, చోటు దొరికింది. ఇదంతా మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు. ఆ పార్కు ఉద్యోగి సరేనన్న మాటను మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

పందేలు స్టేడియాలకు వెళ్లినా, తవ్వి కట్టుకునే ఆట మాత్రం పొదలలోనే, అడవులలోనే మిగిలింది. కాలిఫోర్నియా కోస్టా మేసాలోని షీప్ హిల్స్, పెన్సిల్వేనియాలోని పోష్, క్యాటీ అడవులు ఈ ఆటగాళ్లందరికీ తెలిసిన పేర్లు. కాలిఫోర్నియాలోనే ఆప్టోస్ అనే ఊళ్లో పోస్టాఫీసు పక్కనున్న ప్రైవేటు స్థలంలో ఏళ్ల తరబడి కట్టుకున్న దిబ్బలు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాక, చివరికి కొత్త భవనాల కోసం నేలమట్టమయ్యాయి. ఇలాంటి చోట్ల బోర్డు ఉన్నా లేకపోయినా అందరూ పాటించే నియమం ఒకటి ఉంది: ‘నో డిగ్, నో రైడ్’. పార పట్టనివాడు సైకిల్ ఎక్కకూడదు. ఎంత ఖరీదైన సైకిల్‌తో వచ్చినా, ఎంత ఎత్తు ఎగరగలిగినా దీనికి మినహాయింపు ఉండదు.

మన దగ్గరికి ఇది 2020లో వచ్చింది. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఆ శీతాకాలం మెల్‌బోర్న్‌లో ఎలా గడిచిందో మీకు చెప్పనక్కరలేదు. ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటకూడదు, వ్యాయామానికి రోజుకు ఒక గంట, ఆట స్థలాలకు పసుపు టేపు, బడి ల్యాప్‌టాప్‌లో. నగరమంతటా పిల్లలు పారలు తీసుకుని పొదలలోకి, పాయ గట్లకు వెళ్లారు. మా పడమటి శివార్లలోనూ అదే జరిగింది. మా అబ్బాయి గ్యారేజీలోని పార మాయమైందని తెలిసి, దాన్ని వెతుక్కుంటూ నేను అక్కడికి వెళ్లాను.

నేను ఉద్యోగ జీవితమంతా రాయలసీమలో నీటిపారుదల శాఖలో చెరువు కట్టల పని చూసినవాణ్ని. మట్టి పని చూస్తే నా కాళ్లు ముందుకు సాగవు. మనం కాపురముంటున్న ఈ పడమటి నేల లావా గడ్డకట్టిన బసాల్ట్ మైదానం. దీని మీది బంకమట్టి అచ్చం మన నల్లరేగడి తీరున తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఇక్కడ ఇళ్ల పునాదులకు ప్రత్యేకంగా జాగ్రత్త పడేది అందుకే. అలాంటి మట్టితో ఆ పిల్లలు లిప్ కడుతున్నారు. పదకొండేళ్ల వియత్నామీస్ అబ్బాయి ఒకడు పిడికెడు మట్టి తీసుకుని నొక్కాడు, అరచేయి తెరిచి చూశాడు. ముద్ద నిలిచింది కానీ వేళ్లకు అంటుకుంది. తల అడ్డంగా ఊపి, ఇంకా తడి ఎక్కువగా ఉంది, రేపు దిమ్మిస కొడదాం అన్నాడు. అప్పటికి వాడికి ఆ మాట తెలియదు, కొడదాం అని మాత్రమే అన్నాడు. దిమ్మిస తరువాత నేను చేయించి ఇచ్చాను, ఇప్పుడు వాడు కూడా ‘దిమ్మిస ఎక్కడ’ అనే అడుగుతాడు.

ఆ పిడికిలి పరీక్ష వెనుక ఉన్న శాస్త్రం చెప్పకుండా ముందుకు వెళ్లలేను, మన్నించండి. నీరు తక్కువైనా ఎక్కువైనా మట్టి సరిగా గట్టిపడదు. ఈ రెండింటి మధ్య తగిన తేమ ఒకటి ఉంటుంది, ఆ తేమ దగ్గరే అది అన్నిటికంటే దట్టంగా కుదురుకుంటుంది. దీన్ని కొలిచే పద్ధతిని 1933లో మట్టి ఆనకట్టల కోసం ప్రచురించిన రాల్ఫ్ ప్రాక్టర్ లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా విభాగపు ఇంజనీరు. ప్రపంచంలోని ప్రతి రోడ్డు పనిలో నేటికీ ఆయన పేరు వినబడుతుంది. ఆయన పనిచేసిన నగరంలోనే ఈ ఆట పుట్టడం యాదృచ్ఛికమే అయినా, తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఆయన పేరు ఎన్నడూ వినని ఆ పిల్లవాడు, రెండు మూడు దిబ్బలు కూలిన తరువాత, ఆయన చెప్పిన చోటికే చేరుకున్నాడు.

అక్కడ పెద్దరికం చేసేది ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు. పగలు ఇళ్లకు రూఫింగ్ పని చేసేవాడు. ముందు ల్యాండింగ్ కట్టాలి, తరువాతే లిప్ కట్టాలి అన్నది అతని సూత్రం. లిప్ ముందు కడితే, పిల్లలు ఆగలేక దిగే చోటు లేకుండానే ఎగురుతారట. ఎగిరినవాడి దారి ఏ వాలులో కిందికి వస్తుందో ల్యాండింగ్ కూడా అదే వాలులో ఉంటే, పది అడుగుల ఎత్తు నుంచి దిగినా మోకాలికి దెబ్బ తెలియదు. దూరం చాలక దాని నెత్తి మీద పడితే మాత్రం ముంజేతులు అదురుతాయి. అడుగున రాళ్లు, రాళ్ల మీద కింది పొరల మట్టి, అన్నిటి మీద జల్లెడ పట్టిన బంకమట్టి, ప్రతి పొరకూ నీళ్లు, పార వీపుతో చరుపు, ఎండకు టార్పాలిన్. రెండు దిబ్బల నడుమ వాన నీరు నిలవకుండా పాయకు దూరంగా మళ్లించే కాలువ. తడి నేల మీద ఎవరూ సైకిల్ తొక్కకూడదు. చక్రం జాడ పడితే జాడ వేసినవాడే పూడ్చాలి. మా కాంట్రాక్టర్ల చేత ఇంతటి క్రమశిక్షణ పాటింపజేయడానికి నేను ఎన్ని నోటీసులు ఇచ్చి ఉంటానో!

ఒక ఆదివారం మన తెలుగువారి అబ్బాయే ఒకడు కొత్త సైకిల్‌తో, తండ్రి కారులో దిగాడు. తండ్రి మర్యాదగా, మావాడు కాసేపు తొక్కవచ్చునా అని అడిగాడు. తొమ్మిదేళ్ల పంజాబీ అమ్మాయి ఒకతె ఏమీ మాట్లాడకుండా ఆ అబ్బాయి చేతిలో బకెట్ పెట్టి నీళ్ల వైపు చూపించింది. తండ్రి ముఖం చిన్నబోయింది. అబ్బాయి బకెట్ తీసుకుని వెళ్లాడు. సాయంత్రానికి ఆ తండ్రి కూడా చొక్కా చేతులు మడిచి తట్ట మోస్తున్నాడు. ఆయన ఇప్పుడు ఈ హాలులోనే ఉన్నారు, పేరు చెప్పవద్దని కోరారు.

ఇది ప్రమాదం లేని ఆట అని నేను అనను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ రేసింగ్ స్వర్ణం గెలిచిన మన ఆస్ట్రేలియా క్రీడాకారిణి సాయా సకకిబారా అన్న కై, 2020లో బాథర్స్ట్ ప్రపంచకప్ పందెంలో పడి, తలకు తీవ్రమైన గాయమై, ఆ పందేలకు దూరమయ్యాడు. అది నిపుణులు కట్టిన ట్రాక్ మీదే జరిగింది. హెల్మెట్ లేనివాణ్ని మా దిబ్బల దగ్గర ఎవరూ ఎక్కనిచ్చేవారు కాదు. అయినా మణికట్లు విరిగాయి, ఒకటి మా ఇంట్లోనే విరిగింది. మా కోడలు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆమె భయం న్యాయమైనది.

ఇక అసలు విషయం. పోయిన డిసెంబరులో, సెలవులకు ముందు, పిల్లలు బడిలో ఉన్న సమయంలో ఎక్స్‌కవేటర్ వచ్చింది. మధ్యాహ్నానికి ఆ నేల మీద అడుగు ఎత్తు మట్టి కూడా లేదు. ఇనుప రాటకు ఒక కాగితం అంటించి వెళ్లారు: అనధికార కట్టడాలు తొలగించబడ్డాయి. అంతే. తరువాత నేను కార్యాలయానికి వెళ్లి అడిగితే, భద్రత, బీమా, దేశీయ వృక్షజాలం, ఆదివాసుల వారసత్వం అని నాలుగు కారణాలు చెప్పారు. మొదటి రెండింటి మీద నేను వాదించగలను. చివరి రెండింటి ముందు తల వంచుతాను. విక్టోరియా నిబంధనల ప్రకారం పాయలకు 200 మీటర్ల లోపు భూమి సాధారణంగా సాంస్కృతిక వారసత్వ దృష్ట్యా సున్నితమైన ప్రాంతం. ఈ బసాల్ట్ మైదానపు సహజ గడ్డిభూములు తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో 2008 నుంచి ఉన్నాయి. వేల ఏళ్లుగా ఈ నేలను చూసుకున్నవారి జ్ఞాపకాలు ఉన్న చోట పార వేయకూడదు. అయితే ఈ మాటను ఆ పిల్లలకు ఎవరు చెప్పారు? ఇన్నేళ్లలో ఒక్క ఉద్యోగి అయినా వచ్చి, ఇక్కడ ఎందుకు తవ్వకూడదో కూర్చోబెట్టి వివరించి ఉంటే, ఆ పిల్లలే తమ దిబ్బలను తట్టలతో మరో చోటికి మోసుకుపోయేవారు. పామ్స్ పార్కులో ఒక ఉద్యోగి పిల్లలు అడిగినదాన్ని విన్నాడు. మన దగ్గర రాటకు కాగితం అంటించారు.

సమయం మించిందని అధ్యక్షులు చీటీ పంపారు. ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. భోజనాలలో పులిహోర చల్లారినా బాగానే ఉంటుంది.

దిబ్బలకు బదులుగా తారు పంప్‌ట్రాక్, అంటే ఎగుడుదిగుడు అలల సైకిల్ బాట, ఒకటి కట్టిస్తామని కౌన్సిల్ ఇప్పుడు ప్రతిపాదించింది. నమూనా చిత్రాలు చాలా అందంగా ఉన్నాయి: నల్లని నున్నని అలలు, చుట్టూ బల్లలు, నీడకు తెరలు. చిన్నపిల్లలకు అది మేలే, వద్దనను. కానీ ఆ చిత్రంలో ఎక్కడా పార లేదు. తారు పోసిన రోజుతో ఆ ట్రాక్ పని పూర్తవుతుంది. దాన్ని మార్చడానికి, కూలిస్తే మళ్లీ కట్టడానికి, వానకు ముందు టార్పాలిన్ కప్పడానికి పిల్లలకు అక్కడ పని ఏదీ మిగలదు. వాళ్లు వాడుకునేవాళ్లు అవుతారు. ఇన్నేళ్లు వాళ్లు కట్టినవాళ్లు.

నేను అడగమంటున్నది చాలా చవకైనది. పాయకు దూరంగా, ఇప్పటికే తవ్వి పూడ్చిన బంజరు ఒకటి మన కాలనీల మధ్యే ఉంది. ఆ స్థలం, కొన్ని లారీల బంకమట్టి, ఒక కుళాయి, పారలు పెట్టుకునే తాళం పెట్టె. వాలులు, ఎత్తులు నెలకోసారి చూసి సంతకం పెట్టడానికి ఎవరైనా కావాలంటే, ఈ సభలో సివిల్ ఇంజనీర్లు ఎంతమంది ఉన్నారో దయచేసి చేతులెత్తండి. చూశారా! అధ్యక్షులు కూడా ఎత్తారు.

ప్రతిపాదన మీద అభిప్రాయాలు ఈ నెలాఖరు వరకే స్వీకరిస్తారు. పత్రాలు కాఫీ బల్ల పక్కన ఉన్నాయి. ఇంగ్లీషులో నింపడం ఇబ్బందిగా ఉన్న పెద్దవారికి మా మనవడు, ఆ వియత్నామీస్ అబ్బాయి సాయం చేస్తారు. ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు, బూట్లకు మట్టి ఉందని లోపలికి రాలేదు. పేరు, పోస్ట్‌కోడ్, ఒక్క వాక్యం రాస్తే చాలు. ఇంట్లో అదనంగా పార ఉన్నవారు ఆ సంగతి కూడా పత్రం వెనుక రాయండి.