డబ్బా పెద్దది, సరుకు చిన్నది: ప్యాకింగ్ రివ్యూ, ఫిర్యాదు చేసే పద్ధతి

నమస్తే అండీ. ఇవాళ్టి రివ్యూ ప్యాకింగ్ మీద. ఈ ఫేస్ క్రీమ్ ఎలా పనిచేస్తుందో ఇంకో వీడియోలో చెప్తాను, ముందు దీని డబ్బా చూడండి.

కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే చాలా బ్రాండ్లు ఇలాగే చేస్తున్నాయి. బయట అట్టపెట్టె. లోపల బబుల్ షీట్. అందులో రంగుల డబ్బా, దాని చుట్టూ ప్లాస్టిక్ ఫిల్మ్. ఇవన్నీ విప్పితే ఈ సీసా. మూత తీస్తున్నాను, దగ్గరగా చూడండి. గోడ రెండు పొరలు, మధ్యలో ఖాళీ. అడుగు పైకి లేచి ఉంది. బయటినుంచి చూస్తే వంద గ్రాములైనా ఉంటుందనిపిస్తుంది. డబ్బా మీద నికర బరువు 50 గ్రాములే.

సీసా దెబ్బతినకుండా ఒక పొర కావాలి, అది సరే. చిప్స్ ప్యాకెట్‌లో గాలి గురించి చాలామంది అడుగుతుంటారు. అది నైట్రోజన్. చిప్స్ విరగకుండా, నూనె వాసన మారకుండా నింపుతారు. దానికో పని ఉంది. ఈ రెండో గోడ మాత్రం సరుకు ఎక్కువున్నట్టు నమ్మించడానికే ఉంది. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే. దాని ఖర్చూ మనమే పెట్టుకోవాలి, ఆ చెత్తా మన ఊరి డంపింగ్ యార్డుకే చేరాలి.

కొనేముందు ఎమ్మార్పీ పక్కన చిన్న అక్షరాల్లో గ్రాముకు ఎంతో ఉంటుంది, అది చూడండి. ఇది 599 రూపాయలు, అంటే గ్రాముకు దాదాపు 12 రూపాయలు. రెండు బ్రాండ్లను డబ్బా సైజుతో కాకుండా ఈ ధరతో పోల్చండి.

ఇక ఫిర్యాదు. యూరోపియన్ యూనియన్ 2030 నుంచి ఆన్‌లైన్ పార్సిళ్లలో ఖాళీ సగానికి మించకూడదని చట్టం చేసింది. మన దగ్గర అన్ని సరుకులకూ వర్తించే అలాంటి లెక్క లేదు. అందుకే "ప్యాకింగ్ ఎక్కువైంది" అని రాసి వదిలేస్తే పని జరగదు. సరుకు ఎంతుందో తప్పుగా అనిపించేలా కావాలని చేసిన ప్యాకేజీని మాత్రం 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, అంటే ప్యాక్ చేసి అమ్మే సరుకుల నియమాలు, మోసపూరితమైనదిగా చూస్తాయి. కాబట్టి ఇలా రాయండి: "రెండు గోడల సీసా, పైకి లేపిన అడుగు వల్ల 50 గ్రాముల సరుకు అంతకంటే చాలా ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తోంది. ఇది తప్పుదోవ పట్టించే ప్యాకేజీ."

విప్పిన పొరలన్నీ పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి. బిల్లు, ఆన్‌లైన్ పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోండి. ముందు డబ్బా మీదున్న కన్స్యూమర్ కేర్ మెయిల్‌కు పంపండి. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, మీ ఫిర్యాదును కంపెనీ ముందు పెడతారు. సీసా ఆకారం మీదే అభ్యంతరమైతే మన రాష్ట్ర తూనికలు కొలతల శాఖకు కూడా రాయండి, తనిఖీ చేసే అధికారం వాళ్లది.

అన్నట్టు, స్వీట్ బాక్స్ చుట్టూ పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టడం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. షాపులో కనిపిస్తే అక్కడే వద్దని చెప్పండి. అయినా మానకపోతే మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయండి.

ఈ ప్యాకింగ్‌కు నేనిచ్చేది 5కి 1. ఆ ఒక్కటీ అట్టపెట్టెకు, పాత పేపర్లతో పాటు అమ్మేయొచ్చు కాబట్టి. కంపెనీకి మెయిల్ పంపాను. జవాబొస్తే వచ్చే వీడియోలో చదివి వినిపిస్తాను.