రక్తనాళాల్లో వాపు, మొక్కల్లో మందు

అందరికీ నమస్కారం.

వాపు అనగానే కాలు బెణికినప్పటి నొప్పి, ఎరుపు గుర్తొస్తాయి. రక్తనాళంలో వాపు అలా బయటపడదు. నొప్పి లేకుండా ఏళ్ల తరబడి లోలోపలే సాగుతుంది.

రక్తనాళం లోపలి గోడకు ఒకే కణం మందాన పల్చటి పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొద్దికొద్దిగా వదులుతూ నాళాన్ని బిగుసుకుపోకుండా చూస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. పొగాకు, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్ ఈ పొరను దెబ్బతీస్తాయి. అప్పుడు దానిమీద జిగురులాంటి అణువులు మొలుస్తాయి. రక్తంలో దొర్లుకుంటూ పోతున్న తెల్లకణం ఒకటి అక్కడికి రాగానే నెమ్మదిస్తుంది, అతుక్కుంటుంది, కణాల సందులోంచి దూరి గోడలోకి చేరుతుంది. అక్కడున్న కొలెస్ట్రాల్‌ను మింగి మింగి నురగలా ఉబ్బిపోతుంది. ఫోమ్ సెల్ అనే పేరు అందుకే వచ్చింది. పూడికకు మొదలు అదే.

మరి కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపును మాత్రమే తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయా? ఈ ప్రశ్నకు 2017లో జవాబు దొరికింది. అంతకుముందు గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా మనుషుల మీద కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను పరీక్షించారు. చెడు కొలెస్ట్రాల్ తగ్గలేదు, కానీ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి చూస్తే సుమారు 15 శాతం తగ్గాయి. ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు మాత్రం కొంత పెరిగాయి.

ఇక మొక్కల దగ్గరికి వద్దాం. పసుపులోని కర్కుమిన్‌ను ల్యాబ్‌లో కణాల మీద వేస్తే వాపు సంకేతాలు చక్కగా అణిగిపోతాయి. చిక్కేమిటంటే, మింగిన కర్కుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మిరియాల్లోని పైపరిన్‌ను కలిపి ఇస్తే రక్తంలో కర్కుమిన్ సుమారు 20 రెట్లు పెరిగిందని 1998లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. క్యాప్సూళ్ల డబ్బాల మీద ఈ అంకెను గొప్పగా వేస్తుంటారు. అది పెరగడానికి కారణం, పైపరిన్ మన పేగు, కాలేయం మందుల్ని విరిచేసే పనిని అడ్డుకోవడం. ఈ సంగతి కాసేపు గుర్తుంచుకోండి.

ద్రాక్షలోని రెస్వెరట్రాల్ గురించి చాలా ఆశలు రేగాయి. మనుషుల్లో గుండెపోట్లు తగ్గించినట్టు రుజువు మాత్రం రాలేదు. కోకోలోని ఫ్లేవనాల్స్‌ను 21,442 మంది పెద్ద వయసువారిలో పరీక్షించి 2022లో ఫలితం ప్రకటించారు. మొత్తం గుండె, రక్తనాళాల సమస్యలు గట్టిగా చెప్పుకోదగ్గంత తగ్గలేదు. గుండె జబ్బు మరణాలు తగ్గినట్టు కనిపించింది, కానీ పరీక్ష ముఖ్యంగా తేల్చాలనుకున్నది అది కాదు కాబట్టి నేను దాన్ని ఆశగానే చూస్తాను, రుజువుగా కాదు.

గట్టి పరీక్షలో నిలిచిన మొక్క మందు ఒకటుంది. అదొక విషం. కోల్చికమ్ అనే ఊదారంగు పూల మొక్క నుంచి వచ్చిన కోల్చిసిన్ అది. కీళ్లు వాచి నొప్పెట్టే గౌట్ అనే జబ్బుకు, ఆ వాపు తగ్గించడానికి, ఎంతో కాలంగా వాడుతున్నారు. ఆ మొక్క ఆకుల్ని అడవి వెల్లుల్లి అనుకుని తిని చనిపోయినవాళ్లున్నారు. అదే పదార్థాన్ని రోజుకు అర మిల్లీగ్రాము, అంటే గ్రాములో రెండువేలవ వంతు, నిలకడగా ఉన్న గుండె జబ్బు మనుషులకు ఇచ్చి చూశారు. 2020లో వెలువడిన ఆ పరీక్షలో 5,522 మంది ఉన్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 9.6 శాతం మందికి గుండెపోటు, పక్షవాతం వంటివి వస్తే, కోల్చిసిన్ వేసుకున్నవారిలో 6.8 శాతం మందికే వచ్చాయి. 2023లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. అయితే గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టిన 7,062 మందిలో లాభం కనిపించలేదని 2024లో మరో పెద్ద పరీక్ష తేల్చింది. ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలన్న చర్చ ఇంకా నడుస్తోంది.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో కోల్చిసిన్ ఒంట్లో పేరుకుంటుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే ప్రాణం మీదికి రావచ్చు, ఎందుకంటే అది కోల్చిసిన్‌ను ఒంట్లోంచి పోనివ్వదు. ఇందాక గుర్తుంచుకోమన్న పైపరిన్ కూడా అడ్డుపడేది ఈ దారిలోనే. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ క్యాప్సూళ్ల డబ్బా కూడా సంచిలో వేసుకెళ్లండి. "అది మందు కాదులే, మొక్కే కదా" అని ఇంట్లో వదిలి రాకండి.